చెరువులో ఏ ఆల్చిప్ప ఉందో ముందు తేల్చండి: మత్స్యశాఖకు, జీవవైవిధ్య మండలికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర మత్స్యశాఖ, రాష్ట్ర జీవవైవిధ్య మండలి అధికారులకు,

నమస్కారం.

పాకాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల నాటి చెరువుల్లోనూ, మానేరు, గోదావరి మడుగుల్లోనూ బతికే మంచినీటి ఆల్చిప్పల జాతులను గుర్తించే పద్ధతి మార్చాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాం. ఇప్పుడు వాడుకలో ఉన్న దారులు రెండు: పైచిప్ప చూసి పేరు పెట్టడం, లేదా మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే, సొంత డీఎన్ఏ ఉన్న భాగం) డీఎన్ఏలో ఒక ముక్కను చదివి పోల్చే బార్‌కోడ్ చేయించడం. ఈ రెండింటి మీదే ఆధారపడితే తప్పులు జరుగుతాయి. కేంద్రకంలోని డీఎన్ఏలో దూకే జన్యువులు వదిలిన గుర్తులను చూసే మూడో పరీక్ష కూడా కావాలి. డీఎన్ఏ ముక్కకు నకళ్లు తీసే పీసీఆర్ యంత్రం, ఆ ముక్కలను పొడవును బట్టి పట్టీలుగా విడదీసే జెల్ పెట్టె ఉన్న ఏ కాలేజీ ప్రయోగశాలలోనైనా దాన్ని చేయవచ్చు. కాకపోతే మన జాతులకు తగినట్టు ముందుగా తయారు చేసుకోవాలి. మీ రెండు శాఖలూ పూనుకుంటేనే ఆ పని జరుగుతుంది.

మిషన్ కాకతీయ 2015లో మొదలైంది. 46 వేలకు పైగా చెరువులను దశలవారీగా బాగు చేయాలన్నది దాని లక్ష్యం. పూడిక తీయడం చెరువుకు మంచిది, ఆ మట్టి పొలానికీ మంచిది. అయితే ఆల్చిప్పలు ఉండేది సరిగ్గా ఆ పై బురదలోనే. పొక్లెయిన్ తోడిన మట్టితో పాటు అవీ ట్రాక్టరెక్కి పొలాలకు పోతాయి. మళ్లీ వానలకు చెరువు నిండినా వాటంతట అవి తిరిగి రావు. వాటి లార్వా, గ్లోకిడియం, మిల్లీమీటరులో పావువంతు ఉంటుంది. చేప మొప్పలకో రెక్కలకో అంటుకుని కొన్నాళ్లు గడిపి, తర్వాత జారి బురదలో పడితేనే చిప్పగా ఎదుగుతుంది. ఏ చేప పనికొస్తుందన్నది చిప్ప జాతిని బట్టి మారుతుంది. ఏటా కోట్లాది చేపపిల్లలను చెరువుల్లో వదిలే మత్స్యశాఖకు ఇది సొంత విషయం. ఏ చెరువులో ఏ చిప్ప ఉందో తెలియకుండా ఆ చిప్పకు కావలసిన చేప ఉందో లేదో ఎలా చెప్పగలం?

ముత్యాల సాగుకూ ఇదే ఇబ్బంది. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ రూపొందించిన పద్ధతిలో వాడేవి ప్రధానంగా మూడు జాతులు: లామెల్లిడెన్స్ మార్జినాలిస్, లామెల్లిడెన్స్ కోరియానస్, పారేసియా కోరుగేటా. దాత చిప్ప నుంచి కోసిన ప్రావారం (పైచిప్ప లోపల ఒంటిని కప్పే మెత్తని పొర) ముక్కను మరో చిప్పలో అమరుస్తారు. ముత్యపు పొరను వేసేది ఆ ముక్కే, అందుకే ముత్యం రంగు, మెరుపు దాని మీద ఆధారపడి ఉంటాయి. దాత ఒక జాతి, గ్రహీత మరో జాతి అయితే ఆ ముక్క నిలవకపోయే ప్రమాదం పెరుగుతుంది. బస్తాల లెక్కన చిప్పలు కొనే రైతుకు తన చేతిలో ఏది ఉందో తెలుసుకునే దారి లేదు.

పైచిప్ప ఎందుకు మోసం చేస్తుందో క్లుప్తంగా చెబుతాం. చిప్ప ఆకారం, మందం, రంగు నీటి వేగాన్ని బట్టి, అడుగు నేలను బట్టి, నీటిలోని సున్నాన్ని బట్టి మారతాయి. పారేసియాను ఉంబో (చిప్ప కీలు దగ్గరి బుడిపె) దగ్గరి ముడతలతో పోల్చుకోవచ్చు, కానీ ముసలి చిప్పల్లో అన్నిటికన్నా ముందు అరిగిపోయేది ఆ ఉంబోయే. మార్జినాలిస్, కోరియానస్‌ల మధ్య తేడా అయితే అనుభవజ్ఞుల మధ్య కూడా వాదనకు దారితీస్తుంది.

బార్‌కోడ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో సుమారు 658 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) ముక్కను చదివి జాతిని పోల్చే ఈ పద్ధతి 2003 నుంచి ప్రపంచమంతా పాకింది. చేపలకు, పక్షులకు చక్కగా పనిచేస్తుంది. మంచినీటి ఆల్చిప్పల దగ్గర మాత్రం దానికి ఒక ప్రత్యేకమైన గుంత ఉంది. సాధారణంగా జంతువుల్లో మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. ఈ ఆల్చిప్పల కుటుంబమైన యూనియోనిడేలో చాలా జాతుల్లో మాత్రం రెండు వంశాలు నడుస్తాయి. తల్లి మైటోకాండ్రియా పిల్లలందరికీ వస్తుంది. తండ్రి మైటోకాండ్రియా మగపిల్లలకు మాత్రమే వచ్చి ముఖ్యంగా వాటి బీజకోశంలో నిలుస్తుంది. ఈ రెండు వంశాలూ కోట్ల ఏళ్లుగా విడివిడిగా మారుతూ వచ్చాయి కాబట్టి ఒకే మగ చిప్పలోని రెండు మైటోకాండ్రియాల మధ్య డీఎన్ఏ తేడా 30 శాతం దాటవచ్చు. మామూలుగా రెండు జాతులను వేరుచేయడానికి రెండు మూడు శాతం తేడా చాలంటారు. అంటే మగ చిప్ప పొట్ట భాగం నుంచి ముక్క తీసి చదివితే, లేని కొత్త జాతి ఒకటి కాగితం మీద పుట్టుకొస్తుంది. రెండు వంశాలూ కలిసి వస్తే క్రోమాటోగ్రామ్‌లో (డీఎన్ఏ చదివిన యంత్రం గీసే గీతల పటంలో) శిఖరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఏదీ చదవలేం. అందుకే కణజాలం ఎప్పుడూ పాదం కండ నుంచో ప్రావారం అంచు నుంచో తీయాలి, బీజకోశం దరిదాపుల నుంచి తీయకూడదు. మీరు ఎవరికి సర్వే అప్పగించినా ఈ ఒక్క నిబంధన కాంట్రాక్టు కాగితంలో ఉండి తీరాలి.

కణజాలం సరిగ్గా తీసినా బార్‌కోడ్ చెప్పేది తల్లి వైపు కథ మాత్రమే. రెండు జాతులు కలిసి పుట్టిన సంకరం బార్‌కోడ్‌లో తల్లి జాతిగానే కనబడుతుంది. దూరపు చిప్పలను తెచ్చి మన చెరువుల్లో వేసే ముత్యాల సాగు పెరిగితే సంకరం ముఖ్యమైన ప్రశ్న అవుతుంది. దానికి జవాబు కేంద్రక డీఎన్ఏలోనే దొరుకుతుంది.

ఇప్పుడు దూకే జన్యువుల సంగతి. జీనోమ్‌లో, అంటే ఒక జీవి మొత్తం డీఎన్ఏలో, ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లి కూర్చునే డీఎన్ఏ ముక్కలివి. 1940లలో మొక్కజొన్న గింజల రంగుల మీద పనిచేస్తూ బార్బరా మెక్‌క్లింటాక్ వీటిని కనుగొన్నారు. 1983లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. వీటిలో కొన్ని ఉన్నచోటి నుంచి తెగి మరోచోట అతుక్కుంటాయి. మరికొన్ని ఉన్నచోటే ఉండి తమ నకలును ఆర్ఎన్ఏ ద్వారా వేరేచోట చేరుస్తాయి. జాతుల గుర్తింపుకు మనకు కావలసినవి ఈ రెండో రకంలోని సైన్ మూలకాలు. ఇవి 100 నుంచి 500 బేస్ జతల పొట్టి ముక్కలు. సొంత ఎంజైమ్ లేక లైన్ అనే పొడుగు మూలకాల ఎంజైమ్‌ను అరువు తెచ్చుకుని నకళ్లవుతాయి. మనిషి జీనోమ్‌లో ఆలూ అనే ఒక్క సైన్‌కే పది లక్షలకు పైగా నకళ్లున్నాయి.

ఒక సైన్ ఒక చోట కూర్చున్నాక దాన్ని ఖచ్చితంగా అంతే ముక్కగా పీకేసే యంత్రాంగం కణంలో లేదు. పాత పహాణీలో మధ్యలో ఒక వరుస చేరితే ఆ తర్వాత దాని నుంచి తీసిన ప్రతి నకలులోనూ ఆ వరుస ఉన్నట్టే, ఆ పూర్వీకుడి సంతతి అంతటిలోనూ అదే చోట ఆ ముక్క ఉంటుంది. సంబంధం లేని మరో వంశంలో అదే మూలకం సరిగ్గా అదే బేస్ దగ్గర దిగడం చాలా అరుదు. పైగా దిగేటప్పుడు ఇరువైపులా కొద్ది బేస్‌ల జంట నకలు మిగులుతుంది, దాన్ని చదివితే అది నిజంగా చొరబాటేనని రుజువవుతుంది. పసిఫిక్ సాల్మన్ చేపల బంధుత్వాలను 1993లో, తిమింగలాలకు నీటిగుర్రం (హిప్పో) దగ్గరి చుట్టమన్న విషయాన్ని 1999లో జపాన్ శాస్త్రవేత్తలు ఈ గుర్తులతోనే బలంగా నిలబెట్టారు.

చిప్పజాతుల జీనోమ్‌లలో ఇలాంటి ముక్కలకు కొదవ లేదు. 2012లో వెలువడిన పసిఫిక్ ఆయిస్టర్ జీనోమ్‌లో సుమారు 36 శాతం పునరావృత (పదేపదే కనిపించే) డీఎన్ఏయే. మంచినీటి ముత్యపు చిప్ప మార్గరిటిఫెరాలో అది సగానికి మించింది.

పరీక్ష ఎలా ఉంటుందంటే, సైన్ కూర్చున్న చోటుకు అటూ ఇటూ ఒక్కో ప్రైమర్ (నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే పొట్టి డీఎన్ఏ ముక్క) పెట్టి పీసీఆర్ చేస్తాం. ముక్క లేని జాతిలో 200 బేస్ జతల పట్టీ వస్తుందనుకుందాం. 300 బేస్‌ల సైన్ ఉన్న జాతిలో 500 దగ్గర పట్టీ వస్తుంది. సంకరంలో రెండు పట్టీలూ వస్తాయి. సీక్వెన్సింగ్‌కు పంపనక్కర్లేదు, 2 శాతం అగరోజ్ జెల్ మీద కంటితో చూసి చెప్పవచ్చు. పొడవు తేడాతో చిప్పలను పోల్చడం కొత్తదేమీ కాదు. యూరప్ సముద్రపు మస్సెల్స్ (మైటిలస్ అనే చిప్పలు) జాతుల్లో అంటుకునే ప్రొటీన్ జన్యువులోని ఒక చోట ఎడ్యులిస్‌కు 180, ట్రోసులస్‌కు 168, గాలోప్రొవిన్షియాలిస్‌కు 126 బేస్ జతల పట్టీలు వస్తాయని 1995 నుంచి వాడుతున్నారు. అది దూకే జన్యువు కాదు, మామూలు చేర్పు–తొలగింపు తేడా. ఆ పరీక్ష నేర్పిన పాఠం మాత్రం మనకూ వర్తిస్తుంది: జాతులు కలిసే తీరాల్లో ఒక్కచోటి పట్టీని నమ్మితే తప్పు జవాబు వస్తుంది. అందుకే ఒక్కో జాతి జంటకు కనీసం ఆరు నుంచి ఎనిమిది వేర్వేరు చోట్లు కావాలని కోరుతున్నాం.

ఏ మూలకాన్ని ఎంచుకుంటున్నామన్నది చాలా ముఖ్యం. తెగి అతుక్కునే రకం డీఎన్ఏ ట్రాన్స్‌పోజాన్లు ఉన్నచోటు ఖాళీ చేసి పోగలవు, కాబట్టి వాటి లేమి దేనికీ రుజువు కాదు. ఎల్‌టీఆర్ రకం (రెండు చివర్లా ఒకేలాంటి పొడుగు వరుస ఉండే) మూలకాల్లో కొన్ని జాతులు దాటి దూకుతాయి. ఉత్తర అమెరికా తీరపు మెత్తచిప్ప మయా అరెనేరియాలో స్టీమర్ అనే మూలకాన్ని 2014లో గుర్తించారు. ఆరోగ్యంగా ఉన్న చిప్ప జీనోమ్‌లో దాని నకళ్లు 2 నుంచి 10 ఉంటే, రక్తక్యాన్సర్ వచ్చిన చిప్ప కణాల్లో 150 నుంచి 300 దాకా ఉన్నాయి. దాని బంధువులు ఎన్నో చిప్పజాతుల్లోనూ, చిప్పలు కాని కొన్ని సముద్ర జీవుల్లోనూ కనిపించాయి. అంటే ఒక మూలకం జీనోమ్‌లో ఎక్కడో ఉందన్న మాటతో జాతి తేలదు. ఏ చోట ఉందన్నదే తేల్చుతుంది.

ఇదే పరిశోధన నుంచి మరో హెచ్చరిక వచ్చింది. ఆ క్యాన్సర్ కణాలు ఒక చిప్ప నుంచి ఇంకో చిప్పకు నీటి ద్వారా అంటుకుంటాయని 2015లో తేలింది. 2016లో స్పెయిన్ తీరంలో ఒక జాతి చిప్ప రక్తంలో పూర్తిగా వేరే జాతి చిప్ప క్యాన్సర్ కణాలు దొరికాయి. అలాంటి చిప్ప రక్తం తీసి పరీక్ష చేస్తే డీఎన్ఏ పక్క జాతిదని చెబుతుంది. ఇవి సముద్రపు చిప్పల సంగతులే అయినా, సిరంజితో రక్తం తీసుకోవడం సులువు కదా అని సర్వే అంతా రక్తం మీదే నడపవద్దని మా గట్టి సలహా. పాదం కండ ముక్క తప్పనిసరి.

ప్రయోగశాలలో తడబడే చోట్లు ఇవి.

చెరువు గట్టు మీదే తప్పు మొదలవుతుంది. బతికున్న ఆల్చిప్పను అలాగే ఆల్కహాల్‌లో వేస్తే అది గట్టిగా మూసుకుంటుంది, లోపలికి ద్రవం పోదు, కండ కుళ్లుతుంది. మూతి సందులో చెక్క చీల పెట్టి తెరిచి, ప్రావారం అంచు నుంచి బియ్యపు గింజంత ముక్క కోసి, కనీసం ఐదు రెట్ల 95 శాతం ఇథనాల్‌లో వేయాలి. కణజాలంలోని నీరు ఇథనాల్‌ను పలచన చేస్తుంది కాబట్టి 24 గంటల తర్వాత కొత్త ఇథనాల్ మార్చాలి. ఇంత చిన్న ముక్క తీస్తే చిప్ప చావదు, తిరిగి చెరువులో వదిలేయవచ్చు. ఫార్మలిన్ అసలు వద్దు, అది డీఎన్ఏను ముక్కలు చేసి ప్రొటీన్లతో అతికిస్తుంది. రంగు కలిపిన మెథిలేటెడ్ స్పిరిట్ కూడా వద్దు. రామగుండం వైపు వేసవి ఎండల్లో సీసాలను జీపు డాష్‌బోర్డు మీద పెట్టి తిప్పితే పని పాడైనట్టే, ఐసు పెట్టె వెంట ఉండాలి.

తర్వాతి సమస్య జిగురు. నత్తలు, చిప్పల కణజాలం నిండా మ్యూకోపాలిశాకరైడ్లు అనే జిగట చక్కెర పదార్థాలు ఉంటాయి. అవి డీఎన్ఏతో పాటే దిగి, పీసీఆర్‌లో నకళ్లు తీసే టాక్ ఎంజైమ్‌ను ఆపేస్తాయి. రక్తానికి అమ్మే మామూలు కిట్లు ఇక్కడ తరచూ విఫలమయ్యేది ఇందుకే. 20 మిల్లీగ్రాముల కండకు 500 మైక్రోలీటర్ల సీటాబ్ (జిగురును వేరుచేసే సబ్బులాంటి రసాయనం) ద్రావణం తీసుకోవాలి. అందులో సీటాబ్ 2 శాతం, ఉప్పు 1.4 మోలార్, మెర్కాప్టోఇథనాల్ 0.2 శాతం ఉండాలి. ప్రొటీన్లను కరిగించే ప్రొటీనేజ్–కే కలిపి 60 డిగ్రీల దగ్గర కండ కరిగేదాకా ఉంచాలి. క్లోరోఫాం, ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1 మిశ్రమంతో రెండుసార్లు కడగాలి. ఐసోప్రొపనాల్ కలిపాక డీఎన్ఏను గది వేడిలోనే అడుక్కి దించాలి. రాత్రంతా ఫ్రీజర్‌లో పెడితే ఉప్పు, సీటాబ్, జిగురు అన్నీ కలిసి దిగుతాయి. చివరికి డీఎన్ఏ శుద్ధతను కాంతితో కొలిచే 260/280 నిష్పత్తి 1.8 దగ్గర ఉన్నా సంబరపడవద్దు, జిగురును పట్టించేది 260/230. అది 1.5 కన్నా తక్కువైతే డీఎన్ఏను పది రెట్లు పలచన చేసి, పీసీఆర్‌లో మైక్రోలీటరుకు 0.2 నుంచి 0.4 మైక్రోగ్రాముల బీఎస్ఏ (టాక్‌ను ఆపే పదార్థాలను పట్టుకునే ప్రొటీన్) కలిపి మళ్లీ ప్రయత్నించాలి.

పీసీఆర్‌లో 25 మైక్రోలీటర్లకు 20 నుంచి 50 నానోగ్రాముల డీఎన్ఏ, 2 మిల్లీమోలార్ మెగ్నీషియం, 35 చక్రాలు. ఇక్కడ అందరూ పడే గొయ్యి ఒకటుంది. సంకరంలో పొట్టి పట్టీ, పొడుగు పట్టీ రెండూ రావాలి, కానీ టాక్ పొట్టిదాన్ని తేలిగ్గా నకలు చేస్తుంది. చక్రాలు గడిచేకొద్దీ పొడుగు పట్టీ మసకబారి మాయమవుతుంది. అప్పుడు సంకరాన్ని శుద్ధ జాతిగా రాసేస్తారు. 72 డిగ్రీల దగ్గర పొడిగింపు కాలాన్ని పూర్తి నిమిషం ఉంచడం, డీఎన్ఏ మరీ తక్కువ వేయకపోవడం కొంత మేలు చేస్తాయి. ఖాయమైన ఉపాయం మాత్రం మూడో ప్రైమర్: సైన్ లోపల అతుక్కునేలా ఒకటి రూపొందించి విడిగా మరో పీసీఆర్ నడిపితే, ముక్క ఉంటేనే పట్టీ వస్తుంది.

అసలు పట్టీయే రాకపోతే? అది ‘లేదు’ అన్న జవాబు కాదు, ‘తెలియదు’ అన్న జవాబు. ప్రైమర్ కూర్చునే చోట ఒక్క బేస్ మారినా పట్టీ రాకపోవచ్చు. ఖాళీ చోటుకు పొట్టి పట్టీ కళ్లకు కనబడితేనే లేదని రాయాలి. ప్రతి జెల్‌లోనూ డీఎన్ఏ లేని గొట్టం ఒకటి, సైన్ ఉన్న తెలిసిన నమూనా ఒకటి, లేని తెలిసిన నమూనా ఒకటి నడవాలి.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఒకట్రెండు చిప్పలు చూసి గుర్తును ఖాయం చేయడం. ఈమధ్యే దూకిన సైన్ ఒక జాతిలో కొన్నిటికి ఉండి కొన్నిటికి ఉండకపోవచ్చు. ఒక చెరువు నుంచి 30 చిప్పలు చూస్తే 60 క్రోమోజోమ్ నకళ్లు చూసినట్టు. 5 శాతం నకళ్లలో ఉన్న తేడా కూడా అప్పుడు 95 శాతం సందర్భాల్లో కంటపడుతుంది. పదే చూస్తే మూడింట ఒకసారికి పైగా తప్పిపోతుంది. కాబట్టి ఒక్కో జాతికి, ఒకదానితో ఒకటి నేరుగా నీటి సంబంధం లేని కనీసం మూడు నాలుగు చోట్ల నుంచి, చోటుకు 30 చొప్పున కావాలి. పాకాల, లక్నవరం, దిగువ మానేరు అయితే మొదటి విడతకు సరిపోతాయి.

గుర్తుల తయారీకి కావలసింది ఒక్కో జాతి నుంచి పేరు నిర్ధారించిన ఒక్కో చిప్ప. ఈ చిప్పల జీనోమ్‌లు రెండు వందల కోట్ల బేస్‌లకు అటూ ఇటూ ఉంటాయి కాబట్టి పది రెట్ల లోతుకు (ప్రతి బేస్‌ను సగటున పదిసార్లు చదవడానికి) సుమారు 2,000 నుంచి 2,500 కోట్ల బేస్‌లు చదివించాలి. ఆ తర్వాత పునరావృతాలను కంప్యూటర్‌లో వెలికితీసి, ఒక జాతిలో ముక్క ఉండి మరో జాతిలో లేని చోట్లను, ఇరువైపులా జీనోమ్‌లో ఒక్కసారే కనిపించే డీఎన్ఏ ఉన్నవాటిని మాత్రమే ఏరాలి. ఇరువైపులా కూడా పునరావృతమే ఉంటే జెల్ మీద పట్టీకి బదులు పొగలాంటి చార వస్తుంది. 40 చోట్లకు ప్రైమర్లు చేయిస్తే చివరికి ఎనిమిది నిలిచినా మంచి ఫలితమే. ఖర్చంతా ఈ మొదటి దశలోనే, ఒక్కసారే. ఆ తర్వాత జిల్లా స్థాయిలో ఏ జంతుశాస్త్ర విభాగమైనా నడపగలదు.

అందుకే మీ నుంచి ఇవి కోరుతున్నాం. మార్జినాలిస్, కోరియానస్, కోరుగేటా మూడింటికీ గుర్తుల తయారీని కాకతీయ విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) వంటి సంస్థలకు కలిపి అప్పగించండి. పరీక్ష చేసిన ప్రతి చిప్ప నుంచి కాకపోయినా, ఒక్కో చోటు నుంచి రెండేసి పూర్తి చిప్పలను, కండ ముక్కతో సహా, జెడ్‌ఎస్‌ఐ (భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ) హైదరాబాద్ మంచినీటి జీవశాస్త్ర కేంద్రంలో భద్రపరచండి. డీఎన్ఏ వరుసలను అందరికీ అందుబాటులో ఉంచే జెన్‌బ్యాంక్‌లో ఉన్న చాలా వరుసలకు పేరు పెట్టింది ఎవరో పైచిప్ప చూసే. అసలు చిప్ప దాచకపోతే ఆ పేరు తప్పో ఒప్పో తేల్చే దారి తర్వాత ఎవరికీ ఉండదు. పనిచేసిన ప్రైమర్లతో పాటు పనిచేయనివాటినీ బహిరంగంగా పెట్టండి, మరొకరు అదే గోతిలో డబ్బు పోయకుండా ఉంటారు.

ముత్యాల సాగు శిక్షణలో, రాయితీల్లో చిప్పల జాతి ధ్రువీకరణను చేర్చండి. ఇతర రాష్ట్రాల నుంచి చిప్పలు తెచ్చి మన చెరువుల్లో వేసే ముందు బస్తాకు కొన్నిటినైనా పరీక్షించాలన్న నిబంధన పెట్టండి.

పూడికతీత పనులు మంజూరయ్యే ప్రతి చెరువుకూ, నీళ్లు అడుగంటే ఏప్రిల్, మే నెలల్లో, పొక్లెయిన్ దిగకముందే చిప్పల సర్వే జరగాలి. ముదిరాజ్, గంగపుత్ర సహకార సంఘాల సభ్యులకు ఏ మూల ఏ చిప్ప ఉంటుందో మాకన్నా బాగా తెలుసు. వారికి కూలి కట్టించి ఈ పనిలో కలుపుకోండి, వారు చెప్పింది ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో ఎక్కించండి. ఏరిన చిప్పలను తడి గోనెసంచుల్లో నీడన ఉంచి, అదే వాగు మీద పూడిక తీయని పక్క చెరువుకు అదే రోజు చేర్చవచ్చు. రెండు చెరువుల చిప్పలను ఒకచోట కలపడం మాత్రం వాటి జాతి తేలిన తర్వాతే చేయాలి.

కణజాలం తీయడం, సీటాబ్ పద్ధతి, జెల్ చదవడం నేర్పడానికి మేము సిద్ధంగా ఉన్నాం. మీ జిల్లా సిబ్బందిని, సంఘాల యువకులను పంపండి. వచ్చే వేసవిలో పూడికతీతకు ఎంచుకున్న చెరువుల జాబితా ఫిబ్రవరి లోపు మాకు అందితే, ముందుగా ఏ చెరువుకు వెళ్లాలో చెప్పి ఇథనాల్ సీసాలు, నమూనా చీటీలు సిద్ధం చేయిస్తాం.

ఇట్లు,
వరంగల్, హనుమకొండల జంతుశాస్త్ర, జీవసాంకేతిక శాస్త్ర అధ్యాపకులు, ప్రయోగశాల సిబ్బంది